తుఫానులు తక్కువైన ఏడు

కడపజిల్లాలో నల్లమల కొండల చేరువ బ్రహ్మంగారిమఠము అను పుణ్యస్థలము కలదు. పూర్వము దీనికి కందిమల్లాయపల్లె అని పేరు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఇచట నివసించి, ఇచటనే సజీవసమాధి పొందెనని భక్తులు విశ్వసింతురు. ఆయన చెప్పినదిగా ప్రసిద్ధి కెక్కిన కాలజ్ఞానమును గూర్చి వినని వారు తెలుగునాట అరుదు. రానున్న కాలమున ఏమి జరుగునో తెలిసికొనవలెనను కోరిక మానవునకు సహజము. వానను నమ్ముకొని సేద్యము చేయు రైతునకు ఆ కోరిక మఱింత బలమైనది. ఆశ్వయుజ కార్తికమాసములు వచ్చునప్పటికి ఈ ప్రాంతపు రైతు మనస్సులో మెదలు ప్రశ్న ఒక్కటే: "ఈ ఏడు సముద్రములో వాయుగుండము పుట్టునా? పుట్టినచో మన చెఱువు నిండునా?"

బంగాళాఖాతమునకును బ్రహ్మంగారిమఠమునకును నడుమ నూఱు కిలోమీటర్లకు పైగా దూరమున్నది. ఇచట అలల చప్పుడు వినబడదు. ఉప్పెన భయము లేదు. ఐనను ఆ సముద్రము పొంగినను, నెమ్మదించినను దాని ఫలము ఇచటి పొలములలోను చెఱువులలోను కనబడుచుండును. తీరవాసి "ఈ ఏడు తుఫాను రాకుండ ఉండిన చాలును" అని కోరుకొనుచుండగా, సీమరైతు "ఒక్క వాయుగుండమైన రాకపోవునా" అని ఎదురు చూచుచుండును. ఇద్దరి కోరికయు న్యాయమైనదే. మఱి తుఫానులు తక్కువైన ఏడు మంచి ఏడా, చెడ్డ ఏడా? ఈ ప్రశ్నకు సమాధానము పైకి కనబడునంత తేలిక కాదు.

ముందుగా ఈ సీమకు నీరు ఎచటి నుండి వచ్చునో తెలిసికొనవలెను. కడపజిల్లాలో సాలుకు కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో సగమునకు పైగా జూన్ మొదలు సెప్టెంబరు వఱకు నైఋతి ఋతుపవనముల వలన కురియును. ఇంచుమించు మూడవవంతు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనముల కాలమున వచ్చును. ఈ రెండవ వానయే చిత్త, స్వాతి కార్తెలలో చెఱువులకు నీరు తెచ్చును. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల నల్లరేగడి నేలలలో శనగవిత్తనము వేయుటకు కావలసిన పదును ఇచ్చునది ఈ వానయే. పులివెందుల వైపు చీనీతోటలకు నీరిచ్చు బోరుబావులలో ఊట నిలుపునదియు నిదియే. ఈ వానలో పెద్దభాగము బంగాళాఖాతములో పుట్టు అల్పపీడనములు, వాయుగుండములు, తుఫానులు మోసికొని వచ్చు తేమ వలననే కలుగుచున్నది.

మఠమునకు సమీపమున బ్రహ్మంసాగరమను పెద్ద జలాశయము కలదు. తెలుగుగంగ పథకములో భాగముగా నిర్మింపబడిన ఈ జలాశయమున ఇంచుమించు 17 టి.యం.సి.ల నీరు నిలువచేయవచ్చును. ఒక టి.యం.సి. యనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు. దీనికి ముఖ్యముగా నీరు వచ్చునది కృష్ణానది నుండి. శ్రీశైలము జలాశయపు నీరు పోతిరెడ్డిపాడు వద్ద కాలువలోనికి మళ్ళి, వెలుగోడు మీదుగా ఇచటికి చేరును. కృష్ణ పుట్టినది పడమటి కనుమలలోని మహాబలేశ్వరమున. అనగా బ్రహ్మంసాగరమును నింపునది ప్రధానముగ అరేబియా సముద్రము మీదుగా వచ్చు నైఋతి మేఘము. దాని చుట్టునున్న చిన్న చెఱువులను నింపునది బంగాళాఖాతపు మేఘము. ఈ విధముగా సముద్రమును ఎన్నడును చూడని పల్లె, రెండు సముద్రముల దయపై ఆధారపడి జీవించుచున్నది.

ఇక తుఫాను అనగా నేమో చూతము. వెచ్చని సముద్రముపై గాలి వేడెక్కి, నీటియావిరితో నిండి పైకి లేచును. ఎత్తునకు పోయినకొలది అది చల్లబడగా ఆవిరి నీటిబిందువులుగా మాఱును. ఆ మార్పునందు ఆవిరిలో దాగియున్న ఉష్ణము బయల్వెడలి గాలిని మఱింత వేడిచేసి మఱింత పైకి లేపును. క్రింద పీడనము తగ్గుటచే చుట్టునున్న గాలి ఆ చోటికి పరుగెత్తి వచ్చును. భూమి తన చుట్టు తాను తిరుగుటవలన ఆ గాలి తిన్నగా రాక సుడి తిరుగును. భూమధ్యరేఖకు ఉత్తరమున ఈ సుడి గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుగా తిరుగును. ఈ సుడిగాలికి 'సైక్లోన్' అను ఆంగ్లనామమును కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో వాడుకలోనికి తెచ్చెను. చుట్టచుట్టుకొన్న సర్పమును స్ఫురింపజేయు గ్రీకుపదము దానికి మూలము.

భారత వాతావరణశాఖ ఈ సుడిగాలులను గాలివేగమును బట్టి వర్గీకరించును. వేగము గంటకు 31 నుండి 50 కిలోమీటర్ల వఱకు ఉన్నచో వాయుగుండము. దానిని మించి 61 వఱకు తీవ్రవాయుగుండము. 62కు చేరినచో తుఫాను. తుఫాను అయినప్పుడే దానికి ఒక పేరు పెట్టుదురు. ఉత్తర హిందూమహాసముద్రపు తుఫానులకు ఇట్లు పేరు పెట్టు పద్ధతి 2004లో ప్రారంభమైనది. ఇచట ఒక విషయము గుఱుతుంచుకొనవలెను. ఈ వర్గీకరణమునకు కొలమానము గాలివేగము మాత్రమే. అది కురియు వాన కాదు. ఈ చిన్న భేదము ముందు ముందు ఎంత పెద్దదగునో తెలియగలదు.

ప్రపంచమందలి సముద్రములన్నింటిలో ఏటేట సుమారు 80 తుఫానులు పుట్టుచుండును. వానిలో ఉత్తర హిందూమహాసముద్రమునకు వచ్చునవి సగటున అయిదు. ఆ అయిదింటిలో నాలుగు బంగాళాఖాతమువి. సగటు అయిదే యైనను ప్రతి ఏడును అయిదే రావు. ఒక ఏట రెండు మాత్రమే పుట్టవచ్చును. మఱియొక ఏట ఏడెనిమిది పుట్టవచ్చును. సముద్రము వెచ్చగానే ఉండగా ఒక్కొక్క ఏడు తుఫానులు ఏల తగ్గును?

తుఫానునకు వెచ్చని నీరు ఆహారమువంటిది. సముద్రపు పైపొరలో సుమారు 26.5 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గని వేడి, కొన్ని పదుల మీటర్ల లోతు వఱకు ఉండవలెను. కాని ఆహారమున్నంత మాత్రమున బిడ్డ పెరుగదు. గాలియందు మధ్యస్థాయివఱకు తేమ ఉండవలెను. పొడిగాలి జొఱబడినచో మేఘము చెదరును. అంతకంటె ముఖ్యముగా, క్రిందిగాలికిని పైగాలికిని వేగములోను దిక్కులోను ఎక్కువ భేదము ఉండరాదు. కుమ్మరి సారెపై కుండ లేచుచున్నప్పుడు అడుగు ఒకవైపునకును అంచు మఱియొకవైపునకును నెట్టినచో ఆ కుండ నిలుచునా? తుఫాను కూడ అట్టిదే. నిట్టనిలువుగా లేచు ఆ మేఘస్తంభపు తలను పైగాలి ప్రక్కకు నెట్టివేసినచో అది కూలిపోవును.

దీనికి దృష్టాంతము ఏటేట మన కన్నులయెదుటనే కలదు. జూలై, ఆగష్టు మాసములలో బంగాళాఖాతము చాలినంత వెచ్చగానే యుండును. ఐనను ఆ మాసములలో పెద్ద తుఫానులు అరుదు. ఏలయన అప్పుడు క్రింద పడమటినుండి ఋతుపవనము బలముగా వీచుచుండగా, సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పునుండి మఱియొక గాలి అతివేగముగా వీచుచుండును. అందువలన వాయుగుండములు పుట్టినను తుఫానులుగా ఎదుగుట కష్టము. ఋతుపవనము రాకముందు ఏప్రిల్, మే నెలలలోను, అది మరలిన తరువాత అక్టోబరు, నవంబరు నెలలలోను ఈ అడ్డు తొలగును. కావుననే మనకు తుఫానుల కాలములు రెండు.

ఒక సముద్రము నెమ్మదిగా ఉన్నప్పుడు మఱియొక సముద్రము అట్లే ఉండవలెనను నియమము లేదు. 2013లో అట్లాంటిక్ సముద్రమున ప్రబలమైన తుఫానులు అనేకము రాగలవని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. కాని పొడిగాలి మొదలగు కారణముల వలన ఆ ఏడు అచట 'హరికేన్' స్థాయికి ఎదిగినవి రెండే. అదే ఏట మన బంగాళాఖాతమున మహాసేన్, ఫైలిన్, హెలెన్, లెహర్, మాదీ అను అయిదు తుఫానులు పుట్టినవి. కావున సముద్రము వెచ్చనైనదని చెప్పి తుఫానుల లెక్కను చెప్పుట సాధ్యము కాదు.

తుఫానులు తగ్గుట తీరమునకు ఎంత మేలో చెప్పనక్కఱలేదు. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకొని పడిన ఉప్పెన సుమారు పదివేలమందిని బలిగొన్నది. అట్టి గాయములను భరించిన తీరవాసి నెమ్మదియైన సముద్రమును చూచి దైవమునకు నమస్కరించుట ఉచితమే. కాని ఆ నెమ్మదిని తుఫానుల పేర్ల లెక్కతోనే కొలిచినచో మోసపోవుట కలదు. ఇటీవలి రెండు సంవత్సరములు ఈ సత్యమును కడపజిల్లాకు ప్రత్యక్షముగా బోధించినవి.

మొదటిది 2018. ఆ ఏడు ఉత్తర హిందూమహాసముద్రములో ఏడు తుఫానులు పుట్టినవి. మూడు అరేబియా సముద్రమువి; నాలుగు బంగాళాఖాతమువి. అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళపు కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలగూల్చినది. నవంబరులో గజ తమిళనాడులోని వేదారణ్యము కడ తీరము దాటినది. డిసెంబరులో పెథాయ్ తూర్పుగోదావరి తీరమును తాకినది. లెక్కకు చూచిన అది తుఫానులతో నిండిన ఏడు. కాని ఆ ఈశాన్య ఋతుపవన కాలమున రాయలసీమలో వాన సాధారణము కంటె చాల తక్కువగా కురిసి కఱవు ఏర్పడినది. తుఫానులు ఒకటి ఉత్తరమునకు, ఒకటి దక్షిణమునకు పోయినవి. నడుమనున్న సీమ ఎండినది. తుఫాను తేమను తనలోనికి లాగికొనును. అది పోయిన దారినే వాన పోవును.

రెండవది 2021. ఆ ఏడు మే నెలలో యాస్, సెప్టెంబరులో గులాబ్ అను తుఫానులు బంగాళాఖాతమున పుట్టినవి. పిదప అక్టోబరు, నవంబరు మాసములు రెండింటిలోను అచట పేరుగల తుఫాను ఒక్కటియు లేదు. డిసెంబరులో పుట్టిన జవాద్ తీరము చేరకముందే బలహీనపడినది. తుఫానుల పట్టిక మాత్రమే చూచువారు ఆ శరత్కాలమును నెమ్మదియైన కాలమని వ్రాసికొందురు. కాని ఆ నవంబరులో ఏమి జరిగినది? నవంబరు 18న బంగాళాఖాతములో ఒక వాయుగుండము ఏర్పడి, 19వ తేదీ తెల్లవాఱుజామున చెన్నై, పుదుచ్చేరిల నడుమ తీరము దాటినది. దాని గాలి తుఫాను స్థాయికి ఎదుగలేదు. కావున దానికి పేరు కూడ లేదు. కాని అది మోసికొని వచ్చిన తేమ శేషాచలపు కొండలకు కొట్టుకొని, అంతకుముందే వానలకు నానియున్న నేలపై కుండపోతగా కురిసినది. బాహుదా, పింఛా నదులు పొంగి చెయ్యేటిలో కలిసినవి. పింఛా జలాశయపు కట్ట తెగినది. ఆ వెల్లువ దిగువనున్న అన్నమయ్య జలాశయమును నింపి, దాని మట్టికట్టను తెంచివేసినది. ఆ తెల్లవాఱినది కార్తికపూర్ణిమ. చెయ్యేటి ఒడ్డునున్న పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట గ్రామముల మీదికి నీరు ఒక్కుమ్మడి వచ్చి పడినది. ఆనాటి కడపజిల్లాలో ముప్పదిమందికి పైగా మరణించిరి, లేదా గల్లంతైరి. ఇండ్లు, పశువులు కొట్టుకొనిపోయినవి. పండు పొలములపై ఇసుక మేటలు వేసినది.

ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో సత్యము తేటపడును. తుఫానులు అధికమైన ఏడు సీమ ఎండినది. తుఫాను పేరే వినబడని మాసములో సీమ మునిగినది. పెనుగాలి తీరమునకు శత్రువు. ఉప్పెనయు తీరమునకే శత్రువు. లోపలి సీమకు మేలైనను కీడైనను చేయునది వాన. గాలి బలమును బట్టి పెట్టిన పేరు వాన బలమును తెలుపజాలదు. మఱియొక విశేషము గమనింపదగును. పేరుగల తుఫాను వచ్చుచున్నదనగా జనులు మేల్కొందురు. 1999లో ఒడిశాను తాకిన పెనుతుఫాను సుమారు పదివేలమంది ప్రాణములు తీసినది. 2013లో అదే తీరమునకు ఫైలిన్ వచ్చినప్పుడు ముందుగానే సుమారు పదిలక్షలమందిని సురక్షిత స్థలములకు తరలించుటచే మృతులు ఏబదికి లోపుగనే ఉండిరి. హెచ్చరిక, ఆ హెచ్చరికను పాటించుట, ఈ రెండును కలిసి అంత పని చేసినవి. పేరులేని వాయుగుండము విషయమున కూడ అంతటి మెలకువ ఉండవలెను.

ఇక ముందు ఈ మెలకువ మఱింత అవసరము. భూగోళము వేడెక్కుచున్నది, హిందూమహాసముద్రమును వేడెక్కుచున్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో అది ధరింపగల నీటియావిరి సుమారు నూటికి ఏడు వంతులు పెరుగును. తుఫానుల మొత్తము సంఖ్య పెరుగకపోయినను, వచ్చినవానిలో ప్రబలమైన వాని పాలు పెరుగుననియు, ఒక్కసారిగా కురియు వాన అధికమగుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అనగా లెక్కకు నెమ్మదిగా కనబడు ఏడు కూడ ఒక్కరాత్రిలో ఉగ్రరూపము దాల్చవచ్చును.

అట్లయిన మానవుడు చేయగలిగిన దేమి? దీనికి సమాధానము బ్రహ్మంగారిమఠమునకు ఈశాన్యమున, అంత దూరము కాని పోరుమామిళ్ళలో రాతిపై చెక్కబడి యున్నది. విజయనగర రాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను మఱియొక పేరు గలవాడు, అచట అనంతరాజసాగరమను చెఱువును త్రవ్వించి 1369లో శాసనము వేయించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, రాళ్ళు మోయుటకు నూఱు బండ్లు పనిచేసినట్లు ఆ సంస్కృత శాసనము తెలుపుచున్నది. అంతకంటె విలువైనది మఱియొకటి అందున్నది. మంచి చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆఱు దోషములను అది వివరించినది. జలశాస్త్రము తెలిసిన విద్వాంసుడు, గట్టినేల, తీయని నీరుగల ఏఱు, కొండల నడుమ దృఢమైన రాతికట్ట, నేర్పరులైన పనివాండ్రు మొదలగునవి అంగములు. కట్టనుండి నీరు ఊఱుట, చవుడునేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట, చెఱువు నడుమ మెఱక ఉండుట అనునవి నాలుగు దోషములు. తక్కిన రెండు దోషములు మిక్కిలి ఆలోచింపదగినవి: పొలము విస్తారమై నీరు చాలకుండుట ఒకటి; నీరు అధికమై చోటు చాలకుండుట మఱియొకటి.

ఆ చివరి రెండు దోషములే 2018, 2021 సంవత్సరముల కథలు! ఆఱువందల ఏబది యేండ్లకు పూర్వమే ఈ సీమవారు ఆకాశమును నమ్మి ఊరకుండలేదు. వాన తక్కువైన ఏటిని, ఎక్కువైన ఏటిని రెండింటిని మనస్సులో ఉంచుకొని చెఱువు కట్టిరి. అనంతరాజసాగరము నేటికిని నిలిచి నీరిచ్చుచున్నది.

కావున సముద్రము నెమ్మదిగా ఉన్న ఏడు విశ్రాంతికి కాదు, పనికి తగిన ఏడు. చెఱువు ఎండినప్పుడే పూడిక తీయవలెను. కాలువకు నీరు రాకముందే దానిలోని కంపచెట్లు కొట్టవలెను. కట్టపై గండి చిన్నదిగా ఉన్నప్పుడే పూడ్చవలెను. అలుగునకు, తూములకు, జలాశయపు తలుపులకు ఏటేట పరీక్ష జరుగవలెను. ఏటిపాయలో ఇల్లు కట్టరాదు. వాయుగుండము వచ్చుచున్నదని వాతావరణశాఖ తెలిపినప్పుడు, దానికి పేరున్నదా లేదా అని కాక, అది ఎంత వాన తెచ్చును, మన ఏటికి ఎగువన ఎంత కురియును అని అడుగవలెను.

1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినప్పుడు దాని వెనుక రెండు దుఃఖములున్నవి: ఒకటి 1864లో కలకత్తాను తాకిన తుఫాను, రెండవది ఆ తరువాత వచ్చిన కఱవులు. గాలివాన, అనావృష్టి అను రెండును ఒక్క ఆకాశపు పిల్లలే యని నాటివారు గ్రహించిరి. నేడు ఉపగ్రహములు, రాడారులు ఉన్నవి. రాగల నాలుగైదు దినముల వాతావరణమును చాలవఱకు సరిగా చెప్పగలుగుచున్నారు. ఇదియు ఒక విధమైన కాలజ్ఞానమే. కాని జ్ఞానము కట్టను నిలుపదు. ఆ జ్ఞానము విని కదలిన చేతులు కట్టను నిలుపును.

ప్రశ్నలు

1. తీరవాసియు సీమరైతును తుఫానులను గూర్చి వేర్వేరుగా కోరుకొనుటకు కారణమేమి?
2. జూలై, ఆగష్టు మాసములలో సముద్రము వెచ్చగా ఉన్నను పెద్ద తుఫానులు ఏల అరుదు?
3. 2018, 2021 సంవత్సరములలో కడపజిల్లా అనుభవములను పోల్చి వ్రాయుడు.
4. పోరుమామిళ్ళ శాసనమందు చెప్పబడిన ఆఱు చెఱువు దోషములు ఏవి?
5. మీ ఊరి చెఱువును చూచి, దాని కట్ట, తూము, అలుగు ఏ స్థితిలో ఉన్నవో పది వాక్యములలో వ్రాయుడు.